ఎవలకు చెప్పుకోవాలె? : ఆటస్థలంలో గురుశిష్య సంబంధాల చరిత్ర

కోరుట్లలో నేను పాఠం చెప్పే బడిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె పరుగుపందెంలో జిల్లా దాటి రాష్ట్ర స్థాయికి వెళ్లింది. క్రీడా హాస్టల్లో సీటు దొరికే అవకాశం ఉందని తెలిసి, మా డ్రిల్లు సారూ నేనూ ఆ పిల్ల ఇంటికి వెళ్లాం. తండ్రి దుబాయిలో ఉంటాడు. తల్లి బీడీలు చేస్తుంది. చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఆమె మా మాటలన్నీ విన్నది. చదువు ఉచితం, తిండి ఉచితం, బూట్లు కూడా వాళ్లే ఇస్తారు అని చెప్పాం. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది: “అంత మంచిదే గని సారూ, ఆడ సారు కొడ్తె నా బిడ్డ ఎవలకు చెప్పుకోవాలె?”

“అక్కడ మంచి సార్లుంటరమ్మా” అన్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆమె సార్ల గుణగణాల గురించి అడగలేదు, ఏర్పాటు గురించి అడిగింది. నేనేమో మనుషుల మంచితనాన్ని హామీగా చూపి తప్పుకున్నాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడాకారులకూ శిక్షకులకూ మధ్య సంబంధం దేశాన్ని బట్టి మారుతుందనే మాట తరచు వినబడుతుంది. తూర్పున గురుభక్తి, పడమట ఒప్పందం. ఇక్కడ పాదాభివందనం, అక్కడ పేరు పెట్టి పిలవడం. ఇక్కడ గురువు చెప్పిందే వేదం, అక్కడ ‘ఎందుకు’ అని అడిగే హక్కు. ఇలా ప్రపంచాన్ని రెండు గదులుగా విడదీసి సర్దేస్తారు. పైకి కనిపించే ఈ తేడాలు అబద్ధం కావు. కాని వాటికి ‘సంస్కృతి’ అని పేరు పెట్టి అక్కడే ఆగిపోవడం చరిత్రను మరుగుపరచడమే అవుతుంది. సంస్కృతి ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరి తిండి ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరిని తీసేయగలరు, అన్యాయం జరిగితే వినడానికి మూడో మనిషి ఉన్నాడా లేడా అనే భౌతిక విషయాల మీదనే అది తయారవుతుంది. తయారయ్యాక, అనాదిగా ఉన్నట్టు కనిపిస్తుంది.

సాహిత్య పత్రికలో ఆటల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. శిక్షకుడిని ‘ద్రోణాచార్యుడు’ అనీ, ఇష్టశిష్యుడిని ‘అర్జునుడు’ అనీ పిలవడం మనకు కావ్యం నుంచే వచ్చింది. ఆటస్థలానికి ఉపమానాలు సరఫరా చేసింది సాహిత్యమే. కనుక ఆ ఉపమానాలు చేసే పనిని పరీక్షించవలసిన బాధ్యత కూడా సాహిత్య విమర్శకుడిదే.

1. ద్రోణుడి కొలువు

ఏకలవ్యుడి కథ నన్నయ ఆదిపర్వం నాటి నుంచీ తెలుగువాళ్లకు తెలుసు. అందులో మనం సాధారణంగా రెండు విషయాలు చూస్తాం. సంప్రదాయ పండితులు శిష్యుడి త్యాగాన్ని చూశారు. అభ్యుదయ విమర్శకులు గురువు క్రౌర్యాన్ని చూశారు. ఈ రెండింటి వెనకా ఉన్న మూడో విషయాన్ని తగినంతగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. ద్రోణుడు కొలువు మనిషి.

కొడుక్కి పాలు కూడా పోయలేని పేదరికంలో, బాల్యమిత్రుడైన ద్రుపదుడి దగ్గర అవమానం పొంది, అతడు హస్తినాపురం చేరాడు. భీష్ముడు అతణ్ని రాజకుమారులకు ఆచార్యుడిగా పెట్టాడు. ఆ రోజు నుంచి అతడి విద్య కౌరవుల సొత్తు. నిషాద రాజకుమారుడికి విద్య చెప్పననడం, అర్జునుడికి సాటి ఎవరూ ఉండరని మాట ఇవ్వడం, ఆ మాట నిలబెట్టుకోవడానికి అడవికి వెళ్లి బొటనవేలు అడగడం - ఈ మూడూ ఒక ఉద్యోగి తన యజమానికి చేసిన సేవలు. దీనితో ద్రోణుడి నేరం తగ్గదు. కాని ఆ నేరం ఒక మనిషి చెడ్డతనంతో మొదలై అతనితో ముగిసేది కాదని తెలుస్తుంది.

మరి ఏకలవ్యుడు ఎవరికి చెప్పుకోవాలి? అతడి తండ్రి హిరణ్యధన్వుడు నిషాదులకు రాజే. అయినా హస్తినాపురం ఆచార్యుడి మీద ఫిర్యాదు వినే సభ ఏదీ ఆ కథలో లేదు. చెప్పుకునే చోటు లేనప్పుడు, పోయిన వేలుకు ‘గురుదక్షిణ’ అని పేరు పెట్టుకోవడం తప్ప బాధితుడికి గౌరవప్రదమైన దారి మిగలదు. త్యాగం అనే మాటకు మన సాహిత్యంలో ఇంత విలువ రావడానికి ఇదీ ఒక కారణమేమో ఆలోచించాలి.

1985లో భారత ప్రభుత్వం ఉత్తమ శిక్షకులకు ఒక పురస్కారం ఏర్పాటు చేసి దానికి ద్రోణాచార్యుడి పేరు పెట్టింది. ఉత్తమ క్రీడాకారులకు 1961 నుంచే అర్జున పురస్కారం ఉంది. 1997-98 నుంచి గిరిజన పిల్లల కోసం తెరిచిన ఆశ్రమ పాఠశాలలకు ఏకలవ్యుడి పేరు పెట్టింది. మూడు పేర్లు పెట్టినవాళ్లకు మహాభారతం తెలియదనుకోలేం. నేర్పేవాడు ద్రోణుడు, గెలిచేవాడు అర్జునుడు, గిరిజన పిల్లవాడు ఏకలవ్యుడు అన్న పాత పంపకం, ఎవరికీ ఎబ్బెట్టుగా తోచనంత సహజంగా, ప్రజాస్వామ్య ప్రభుత్వ కాగితాల మీదికి వచ్చి కూర్చుంది. భావజాలం పనిచేసే తీరు ఇదే.

2. తాలీం నుంచి మైదానం దాకా

మన ప్రాంతంలో గురుశిష్య సంబంధానికి ద్రోణుడి నమూనా ఒక్కటే ఉండేదనుకోవడం పొరపాటు. తెలంగాణ పట్టణాల్లో తాలీం ఉండేది. తాలీం అంటే ఉర్దూలో విద్య. మట్టి గోదాలో పహిల్వాన్లను తయారుచేసే చోటుకు జనం ఆ పేరే పెట్టుకున్నారు. అక్కడ నేర్పేవాడు ఉస్తాద్, నేర్చుకునేవాడు షాగిర్దు. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జాతర కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండికడియంతో ముగుస్తాయి. పేరుపొందిన ఉస్తాద్ దగ్గర వేరువేరు కులాల, మతాల పిల్లలు ఒకే మట్టిలో దొర్లేవారు. ఆ మేరకు అది ద్రోణుడి కొలువు కంటే విశాలమైనది. కాని ఉస్తాద్ మాటకు ఎదురు లేకపోవడం అక్కడా ఉంది. ఆడపిల్లలకు ఆ గోదాలో చోటు లేకపోవడమూ ఉంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను ఈ నేపథ్యంలో చూడాలి. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తాలో మళ్లీ బంగారం గెలిచింది.

రహీం కఠినుడు. క్రమశిక్షణ విషయంలో రాజీ లేదు. ఆటగాళ్లు ఆయన్ని ‘రహీం సాబ్’ అన్నారే గాని పేరు పెట్టి పిలవలేదు. అయితే ఆయన పద్ధతిలో ఉపాధ్యాయుడి చూపు ఉంది. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన తర్వాత ఆయన ఆటగాళ్లను తిట్టి ఊరుకోలేదు. యూరప్ జట్ల వ్యూహాన్ని చదివాడు. కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టాడు. బలం తక్కువైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టాడు. సికింద్రాబాద్ పేద కుటుంబంలోని తులసీదాస్ బలరాం రోజూ మైదానానికి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకు తానే పైసలిచ్చాడని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. ద్రోణుడు శిష్యుడి కుడిచేతిని తగ్గించాడు. రహీం శిష్యుల ఎడమకాలిని పెంచాడు. ఒక కొలువు మనిషికీ ఒక బడిపంతులుకూ ఉన్న తేడా అది.

జకార్తాలో 1962 సెప్టెంబరు 4న ఫైనల్. మొదటి మ్యాచ్‌లో తమను 2-0తో ఓడించిన దక్షిణ కొరియాయే మళ్లీ ఎదురుగా ఉంది. స్టేడియమంతా భారత జట్టుకు వ్యతిరేకంగా అరుస్తోంది. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. ముందురోజు రాత్రి ఆయన ఆటగాళ్లను పిలిచి తనకు ఒక కానుక కావాలని, రేపు బంగారం గెలిచి ఇవ్వమని అడిగాడని ఆ జట్టువాళ్లు ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. పి.కె. బెనర్జీ, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచింది. 1963 జూన్ 11న రహీం చనిపోయాడు.

ఇదీ గురుదక్షిణే. అయితే అడిగినవాడి స్థానాన్ని బట్టి దక్షిణ స్వభావం మారింది. ఒకడు శిష్యుడిని తగ్గించే దక్షిణ అడిగాడు, ఇంకొకడు పెంచేది అడిగాడు.

కాని మనం ఇక్కడ పరవశించి ఆగిపోకూడదు. ఆ ఆటగాళ్లలో చాలామంది పోలీసు ఉద్యోగులు, కంపెనీల ఉద్యోగులు. శిక్షకుడి దయతో సంబంధం లేకుండా నెల తిరిగితే జీతం చేతికొచ్చేది. వాళ్ల గౌరవంలో భయం కలిసినా అది ఆకలి భయం కాలేదు. రహీం సంబంధంలోని ఔన్నత్యానికి ఇది భౌతికమైన పునాది. రెండో సంగతి, ఆ సంబంధం రహీం అనే ఒక్క మనిషి మీద నిలబడింది. భారత ఫుట్‌బాల్ జట్టు 1960 తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడల్లో బంగారం తేలేదు. ఈ పతనానికి కారణాలు అనేకం ఉన్నాయి. ఒక మనిషి మంచితనాన్ని సంస్థగా మార్చుకోలేకపోవడం వాటిలో ఒకటి.

3. మిల్లులో పుట్టిన ‘జపాను సంస్కృతి’

గురువు మాటకు తలవంచే తూర్పు దేశాలకు ఉదాహరణగా జపానును చూపుతారు. కనుక ఆ ఉదాహరణనే దగ్గరగా చూద్దాం. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అక్టోబరు 23న జపాను స్త్రీల వాలీబాల్ జట్టు సోవియట్ జట్టును ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో అత్యధికులు కైజుకాలోని నిచిబో నూలుమిల్లు ఉద్యోగినులు. శిక్షకుడు హిరోబుమి దైమత్సు కూడా ఆ కంపెనీ మనిషే. జనం ఆయనకు పెట్టిన పేరు ‘రాక్షస దైమత్సు’. పగలు మిల్లు కార్యాలయంలో పని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా సాధన. బంతి కోసం నేలమీద దొర్లి లేచే పద్ధతి ఆయన కనిపెట్టిందే. అలసిపోయి పడినవాళ్ల మీదికి మళ్లీ బంతి విసిరేవాడు. తన వెంట నడవమని ఆజ్ఞాపించే పేరుతో ఆయన రాసిన పుస్తకం జపానులో విపరీతంగా అమ్ముడుపోయింది.

దీన్ని సమురాయి సంస్కృతి అనీ తూర్పు విధేయత అనీ పాశ్చాత్య పత్రికలు వర్ణించాయి. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు విన్నవాళ్లకు మాత్రం ఇందులో ఇంకొకటి కనిపించాలి. యుద్ధంలో చితికిన దేశం ఎగుమతుల మీద మళ్లీ నిలబడుతున్న కాలమది. నూలుమిల్లుల్లో పల్లెటూరి ఆడపిల్లలు కంపెనీ వసతిగృహాల్లో ఉంటూ పనిచేసేవారు. మిల్లు యాజమాన్యం తండ్రి స్థానంలో ఉండేది. ఆ షిఫ్టు క్రమశిక్షణే సాయంత్రానికి ఆటస్థలంలోకి నడిచి వచ్చింది. పర్యవేక్షకుడే శిక్షకుడు అయినచోట, శిక్షకుడిని కాదంటే అన్నం పెట్టే కంపెనీని కాదన్నట్టే.

ఆ జట్టులోని స్త్రీలు చాలామంది తర్వాత ఆ రోజులను గర్వంగానే తలచుకున్నారు. వారి గర్వాన్ని కాదనే హక్కు మనకు లేదు. శ్రమించి సాధించినవారికి తమ శ్రమ మీద గౌరవం ఉండటం సహజం. కాని ఆ ఫలితం కోసం అన్ని బడుల్లో అందరి పిల్లలనూ అదే రోట్లో దంచవచ్చని పెద్దలు తీర్మానించుకోవడం వేరే విషయం. జపానులో అదే జరిగింది. 2012 డిసెంబరులో ఒసాకాలో ఒక హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టు నాయకుడు శిక్షకుడి దెబ్బలు భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడు. ఒకనాటి విజయగాథ ఇంకొకనాటి పిల్లవాడి మెడకు చుట్టుకుంది.

దైమత్సు పద్ధతి ఒక దేశ సంస్కృతి మాత్రమే అయితే ఎల్లలు దాటకూడదు. కాని 1965లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ని పిలిపించి తమ స్త్రీల జట్టుకు శిక్షణ ఇప్పించాడు. కమ్యూనిస్టు చైనాకూ పెట్టుబడిదారీ జపానుకూ మధ్య అప్పటికి దౌత్య సంబంధాలు కూడా లేవు. ఉత్పత్తిని తొందరగా పెంచాలనుకునే రెండు వ్యవస్థలకు మిల్లు క్రమశిక్షణ మాత్రం సమానంగా నచ్చింది.

4. రెండు శిబిరాలు

ఇక్కడ అభ్యుదయ రచయితలమైన మనం ఒక నిజాన్ని సూటిగా ఎదుర్కోవాలి. సామ్యవాదం పేరుతో నడిచిన తూర్పు జర్మనీలో 1970ల నుంచి ప్రభుత్వమే పథకం ప్రకారం క్రీడాకారులకు మగ హార్మోన్ల మందులు ఇప్పించింది. పన్నెండు పదమూడేళ్ల ఈత పిల్లల చేతుల్లో శిక్షకులు చిన్న నీలిరంగు మాత్రలు పెట్టి, విటమిన్లని చెప్పారు. పిల్లలు నమ్మి మింగారు. ఆ మాత్ర పేరు ఓరల్ టురినబోల్. గొంతులు మారాయి, కాలేయాలు దెబ్బతిన్నాయి, కొందరికి పుట్టిన పిల్లల్లో లోపాలు వచ్చాయి. ఆ దేశ క్రీడా సమాఖ్యకు అధిపతిగా ఉన్న మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను 2000లో బెర్లిన్ కోర్టు దోషిగా తేల్చింది. శ్రామికుల రాజ్యమని చెప్పుకున్న చోట శ్రామికుల బిడ్డలు తమ దేహాల గురించి అడగలేకపోయారు. ఎందుకంటే శిక్షకుడు, వైద్యుడు, పార్టీ, పోలీసు - ఎవరికి చెప్పినా ఒకే తలుపు తట్టినట్టే. ఈ చరిత్రను శత్రువుల ప్రచారమని తోసిపుచ్చితే మనం విమర్శకులం కాకుండా పోతాం.

మరి ఒప్పందాల దేశం, హక్కుల దేశం అనే అమెరికా మాటేమిటి? అక్కడ జిమ్నాస్టిక్స్ జాతీయ జట్టుకు వైద్యుడిగా ఉన్న లారీ నాసర్ ఏళ్ల తరబడి చికిత్స పేరుతో బాలికల మీద అత్యాచారాలు చేశాడు. 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో నూట యాభై మందికి పైగా స్త్రీలు నిలబడి తమ బాధ చెప్పారు. వాళ్లలో కొందరు చిన్ననాడే పెద్దలకు చెప్పారు. విశ్వవిద్యాలయమూ క్రీడా సమాఖ్యా చెవిన పెట్టలేదు. పతకాలు వస్తున్నాయి, విరాళాలు వస్తున్నాయి, ప్రకటనలు వస్తున్నాయి. వాటి మధ్య ఒక పిల్ల గొంతు వినబడలేదు.

ఒక శిబిరంలో రాజ్యం, ఇంకొక శిబిరంలో వ్యాపారం. ఒకచోట గురువు ఎదుట నిశ్శబ్దం, ఇంకొకచోట పేరు పెట్టి పిలిచే స్వేచ్ఛ. ఫలితం మాత్రం ఒక్కటే అయింది. కనుక ఎలా పిలుస్తారన్నదానికన్నా, పిలిస్తే ఎవరు పలుకుతారన్నది ముఖ్యమైన ప్రశ్న.

5. మన బాడ్మింటన్ కోర్టు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర నేర్చుకుని, 2001లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ ప్రారంభమైంది. సైనా నెహ్వాల్ 2012 లండన్‌లో కంచు, పి.వి. సింధు 2016 రియోలో వెండి పతకం ఆయన శిక్షణలో ఉండగా గెలిచారు. రియో తర్వాత గోపీచంద్ చెప్పిన ఒక విషయం దేశమంతా ముచ్చటగా చెప్పుకుంది. మూడు నెలలు సింధు దగ్గర ఫోను లేదు, రియో చేరాక ఐస్‌క్రీము లేదు. ఇరవై ఒక్క ఏళ్ల యువతి దగ్గర ఫోను తీసుకోవడం మనకు అసహజంగా తోచలేదు. పైగా మన గురుకుల సంప్రదాయం బతికే ఉందని సంతోషించాం.

ఇంకొక సంగతి ఇంతకంటే ఆలోచించదగ్గది. సింధు కోర్టులో గట్టిగా అరిచేది కాదు. అందరి మధ్యా నిలబడి అరవాలనీ, అరిచేదాకా రాకెట్ పట్టనివ్వననీ గోపీచంద్ పట్టుబట్టాడు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. గొంతెత్తకు అని ఆడపిల్లలకు నేర్పే సమాజంలో గొంతెత్తమని చెప్పడం అభ్యుదయకరమే. అయితే ఇందులో ఒక వైరుధ్యం ఉంది. నోరు విప్పమని ఆజ్ఞాపించడం, ఆ ఆజ్ఞకు లోబడి నోరు విప్పడం. ప్రత్యర్థి మీద ఎత్తడం నేర్చుకున్న ఆ గొంతు, అవసరమైతే శిక్షకుడి ఎదుట కూడా లేవగలదా? మన క్రీడా సంస్కృతి ఇంకా సమాధానం చెప్పని ప్రశ్న ఇది.

2014లో సైనా గోపీచంద్ అకాడమీ వదిలి బెంగుళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. గురువును వదిలిందని జనం చెవులు కొరుక్కున్నారు. 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి హైదరాబాద్ వచ్చి అదే గోపీచంద్ దగ్గర సాధన చేసింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. వెళ్లగలగడం, తిరిగి రాగలగడం - ఈ రెండూ ఉన్న సంబంధమే ఇద్దరు పెద్దమనుషుల సంబంధం.

సింధు విషయంలో విదేశీ శిక్షకులు వచ్చారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు గోపీచంద్‌తో పాటు కొరియాకు చెందిన కిమ్ జి-హ్యూన్ శిక్షణ ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో కంచు గెలిచినప్పుడు పక్కన కూర్చున్నది కొరియావాడైన పార్క్ తే-సాంగ్. 2023 ఫిబ్రవరిలో పార్క్ తన దారి వేరవుతోందని ప్రకటిస్తూ, ఆమె ఓటములకు శిక్షకుడిగా తనకూ బాధ్యత ఉందనీ, మార్పు కావాలన్న ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తున్నాననీ రాశాడు. కొరియా అంటే పెద్దల మాటకు తిరుగులేని దేశమని సంస్కృతి పండితులు చెబుతారు. ఆ దేశం నుంచి వచ్చిన శిక్షకుడే క్రీడాకారిణి నిర్ణయాన్ని శిరసావహించాడు. ఎందుకంటే ఇక్కడ అతడు కాలపరిమితి గల ఒప్పందం మీద వచ్చినవాడు, ఆమె ప్రపంచ ప్రసిద్ధురాలు. సంబంధంలోని బలాబలాలు మారగానే ‘సంస్కృతి’ కూడా మారింది.

అయితే ఈ స్వేచ్ఛ ఎవరికి దక్కింది? సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగులు. సైనా తండ్రి వ్యవసాయ శాస్త్ర రంగంలో ఉద్యోగి. ఒక కోచ్‌ను కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లే స్తోమత ఉన్న ఇళ్లు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి తల్లిదండ్రులు కూలీలు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కంచు పతకం గెలిచింది. అంతకు ముందు మే నెలలో కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. మేధో వైకల్యం ఉన్న పిల్లను ఊళ్లో వాళ్లు ఎగతాళి చేస్తున్న రోజుల్లో ఆమె పరుగును గుర్తించి హైదరాబాద్ రప్పించినవాడు శిక్షకుడు నాగపురి రమేశ్. ఆయన 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు. ద్రోణుడి పేరున్న బిరుదు పొందిన మనిషి ఏకలవ్యుడి వైపు నడిచాడంటే అది మెచ్చదగిందే. కాని తిండి, బస, బూట్లు, ప్రయాణం అన్నీ శిక్షకుడి ద్వారానే రావలసిన పిల్లకు, ఆ శిక్షకుడు మంచివాడు కాకపోతే ఏం మిగులుతుంది? బీడీల తల్లి అడిగింది సరిగ్గా ఇదే.

6. చెప్పుకునే చోటు

‘మావాళ్లు అడగరు, అది మా సంస్కృతి’ అనే మాటను అడిగినవాళ్లే చరిత్రలో కొట్టివేశారు. 2012లో జపాను స్త్రీల జూడో జట్టులో 15 మంది ఒక్కటై, వెదురు కర్రలతో కొట్టిన తమ శిక్షకుల మీద ఒలింపిక్ కమిటీకి ఫిర్యాదు రాశారు. అంతకు ముందు ఒక క్రీడాకారిణి విషయం బయటికి వచ్చినప్పుడు సమాఖ్య శిక్షకుడిని మందలించి వదిలేసింది. పదిహేను మంది అయ్యేసరికి 2013 ఆరంభంలో ముఖ్య శిక్షకుడు తప్పుకున్నాడు. తూర్పు విధేయతకు పుట్టినిల్లు అనే చోటే ఇది జరిగింది. ఒక్కరు చెబితే ఫిర్యాదు, పదిహేను మంది చెబితే చరిత్ర. సంఘం అవసరం మిల్లుల్లోనే కాదు, మైదానంలోనూ ఉందని దీని సారాంశం.

మన పక్కనే ఉన్న నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2019లో, తనకూ న్యాయంగా ఎంపిక పోటీ పెట్టమని క్రీడా మంత్రికి లేఖ రాసింది. ఎదుట ఉన్నది మేరీ కోమ్ అంతటి మనిషి. పెద్దల ఎదుట ఇదేం పొగరని అన్నవాళ్లున్నారు. పోటీ పెట్టారు, నిఖత్ 9-1తో ఓడిపోయింది. అయినా అడిగిన హక్కు ఓడలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేత అయింది.

2022 జూన్‌లో స్లొవేనియాలో శిక్షణకు వెళ్లిన ఒక భారత సైక్లింగ్ క్రీడాకారిణి, శిక్షకుడి ప్రవర్తన మీద భారత క్రీడా ప్రాధికార సంస్థకు ఫిర్యాదు పంపింది. ఆమెను వెనక్కి రప్పించారు, శిక్షకుడి ఒప్పందం రద్దు చేశారు. 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధులు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర నేలమీద కూర్చున్నారు. సమాఖ్య అధ్యక్షుడి మీద వారు చేసిన ఆరోపణలు కోర్టుకెక్కాయి. నిజానిజాలు తేల్చవలసింది కోర్టే. మనం గమనించవలసింది వేరే. ఒలింపిక్ పతకం ఉన్నవాళ్లకే చెప్పుకునే చోటు రోడ్డు అయితే, ఏడో తరగతి పిల్లకు ఏది?

చట్టం లేదని కాదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చేసిన చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను, శిక్షణ స్థలాలను స్పష్టంగా పనిచోట్లుగా పేర్కొంది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం ట్రిబ్యునల్‌ను, క్రీడాకారుల కమిటీలను ప్రస్తావించింది. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. చెప్పుకోవడానికి చోటు లేక వీధికెక్కినవాళ్ల కన్నీళ్లు వీటిలో ఉన్నాయి. కాని చట్టం పుస్తకంలో ఉంటుంది, దెబ్బ మైదానంలో పడుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించవలసింది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘాలు.

రచయితల పని కూడా ఇందులో ఉంది. ‘గురువు’ అనే మాటకు మనం శతాబ్దాలుగా పోగుచేసిన పవిత్రతను ఒకసారి దించి చూడాలి. గురువుకు గౌరవం వద్దని నేను అనడం లేదు. నేనూ ఆ జీతంతోనే బతుకుతున్నాను. ప్రశ్నకు నిలిచిన గౌరవమే గౌరవం, మిగిలింది భయం. ఏకలవ్యుడి త్యాగం మీద ఇప్పటికే కావలసినన్ని పద్యాలున్నాయి. వేలు కోసివ్వకుండా తిరిగి నిలబడి ‘ఎందుకు’ అని అడిగిన ఏకలవ్యుడి మీద, అతడి మాట వినడానికి కూర్చున్న సభ మీద, కథలు రావలసి ఉంది. మన కథల్లో రైతు ఉన్నాడు, నేత కార్మికుడు ఉన్నాడు, బీడీ కార్మికురాలు ఉంది. ఆమె కూతురు, తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తే పిల్ల, ఇంకా సరిగా రాలేదు.

పోయిన వారం మేం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. ఈసారి మంచి సార్లున్నారనే మాట ఎత్తలేదు. అక్కడి ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారు, ఆడపిల్లల దగ్గర రాత్రి ఎవరుంటారు, వారానికి ఎన్నిసార్లు ఇంటికి ఫోను చేయనిస్తారు, మధ్యలో మానేసి వస్తే ఏమవుతుంది - ఇవన్నీ కనుక్కుని ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లాం. ఆమె చేట పక్కన పెట్టి, కాగితం కూతురికిచ్చి, రెండుసార్లు పైకి చదివించుకుంది. తర్వాత నా వైపు తిప్పింది.

“ఇండ్ల మీ నంబరు గూడ రాయుండ్రి సారూ.”

రాసిచ్చాను.